దొరల గోరీల నుంచి పొలం గట్టు సమాధుల దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

బందరు, అంటే మచిలీపట్నం కోటలో డచ్చివాళ్ల సమాధులు చూసిన రోజు నుంచి నాకీ పిచ్చి పట్టుకుంది. ఏ ఊరు వెళ్లినా గుడి, బడి చూశాక పాత శ్మశానం ఎక్కడుందని అడుగుతాను. తెలిసినవాళ్లు నన్ను అడిగేవి మాత్రం ఎప్పుడూ ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

పాత శ్మశానంలో చూడ్డానికి ఏముంటుంది?

ఊరి చరిత్ర అనగానే మనకు గుడి, కోట, జమీందారు గారి బంగళా గుర్తొస్తాయి. అవి కట్టించే స్తోమత ఉన్నవాళ్ల గురుతులు. శ్మశానంలో వాళ్లతో పాటు వాళ్ల భార్యలు, పురిటి పిల్లలు, గుమాస్తాలు, సిపాయిలు, పడవ నడిపినవాళ్లు కూడా దొరుకుతారు. ఎక్కడ పుట్టారు, ఏ పని చేశారు, ఎన్నేళ్లకు పోయారు అన్నది తేదీతో సహా రాయి మీదే ఉంటుంది. వందల ఏళ్ల కిందట మన ఊళ్లో బతికిన ఒక మామూలు మనిషి పేరు, వయసు ఇంత కచ్చితంగా చెప్పే చోటు ఇంకోటి నాకు కనపడలేదు.

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీలో రాయి మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. కుడి పేజీలో ఆ రాయి గురించి ఊళ్లోవాళ్లు చెప్పింది రాసుకుంటాను. రెండూ చాలాసార్లు కలవవు. అలా కలవనప్పుడే నాకు ఎక్కువ సంగతులు తెలిశాయి. కింద చెప్పేవాటిలో చాలా వరకు ఆ రెండు పేజీల మధ్య దొరికినవే.

శ్మశానానికి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకోరు. ఏం చేయాలి?

మా ఇంట్లోనూ ఒప్పుకోలేదు. అమ్మ భయాన్ని కొట్టిపారేయకుండా, తిరిగొచ్చాక పెరట్లోనే స్నానం చేసి లోపలికి వెళ్లేవాణ్ని. ఆవిడకు ఆ టెన్షన్ తగ్గింది, నా పని ఆగలేదు. ఇప్పటికీ అలాగే చేస్తాను. ఒక్కరే వెళ్లకండి. చీకటి పడే వేళకు బయటికి వచ్చేయండి. ఎవరినైనా ఖననం చేస్తుంటే ఆ రోజు వెనక్కి వచ్చేయండి, ఇంకో రోజు వెళ్లొచ్చు.

మన దగ్గరే శ్మశానం పండుగ చోటు అయ్యే ఊళ్లు కూడా ఉన్నాయని ఇంట్లోవాళ్లకు చెప్పండి. నవంబరు 2న సమాధుల పండుగకు క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. కరీంనగర్‌లో కార్ఖానాగడ్డ శ్మశానంలో దీపావళి రోజు కుటుంబాలకు కుటుంబాలు తమ పెద్దల సమాధుల దగ్గర దీపాలు పెట్టి, వాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి, టపాకాయలు కాలుస్తాయి. ఆ రోజుల్లో వెళ్తే ఒక్కో సమాధి ఎవరిదో చెప్పే మనిషి దాని పక్కనే ఉంటాడు. ఒక్క సాయంత్రంలో ఊరి వంశవృక్షం సగం దొరుకుతుంది.

మొదటిసారి వెళ్లాలంటే ఎక్కడికి వెళ్లాలి?

కోస్తాలో ఉంటే మచిలీపట్నం, భీమునిపట్నం, విశాఖ పాతనగరం. హైదరాబాదులో ఉంటే గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధులు, సంతోష్‌నగర్ వైపు నిజాం కొలువులోని పైగా ప్రభువుల సమాధులు, మూసారాంబాగ్‌లో రేమండ్ సమాధి. నెల్లూరు, సూళ్లూరుపేట వైపువాళ్లకు రాష్ట్రం సరిహద్దు దాటగానే పులికాట్ ఉంది. మనవాళ్లు ప్రళయ కావేరి అనే ఊరు అదే. అక్కడి డచ్చి శ్మశానం గుమ్మం దగ్గర రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు కనిపిస్తాయి. కాసేపు మాట రాదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే బందరు అంటాను. అక్కడ శ్మశానంలో చదివింది బజారుకు వచ్చి పేటల పేర్లలో మళ్లీ చదవొచ్చు. పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్లది. మన పాత తెలుగులో ఫ్రెంచివాళ్లు పరాసులు. వలందపాలెం హాలండువాళ్లది, ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆటో అబ్బాయి రోజూ పలికే ఈ మూడు పేర్లలో మూడు కంపెనీల పోటీ మిగిలి ఉంది.

డచ్చివాళ్లు మన ఒడ్డున ఎందుకు సమాధి అయ్యారు?

బట్ట కోసం వచ్చారు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నం చేరింది. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. అప్పుడది గోల్కొండ సుల్తానుల రేవు. డచ్చివాళ్లకు అసలు కావలసింది ఇండోనేసియా దీవుల్లోని జాజికాయ, లవంగం. ఆ దీవులవాళ్లు వెండి కంటే మన అద్దకం బట్టలు, కలంకారీ బట్టలు ఎక్కువ ఇష్టంగా తీసుకునేవాళ్లు. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ మసాలా దినుసులకు మార్చి, వాటిని యూరప్‌లో అమ్ముకునేవాళ్లు. బందరు పక్కన పెడనలో ఇప్పటికీ కలంకారీ బల్లల మీద అచ్చులు కొడుతున్నారు. నా దృష్టిలో ఆ బల్లలూ కోటలోని సమాధి రాళ్లూ ఒకే కథలో రెండు సగాలు.

డచ్చివాళ్లకు పులికాట్‌లో 1613 నుంచి గెల్డ్రియా అనే కోట ఉండేది. 1690లో ప్రధాన స్థావరాన్ని నాగపట్నానికి మార్చారు. చివరికి 1824లో ఇంగ్లీషువాళ్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది తీరంలోని స్థావరాలన్నీ వదులుకుని వెళ్లారు. కోటలు పడిపోయాయి, గిడ్డంగులు మట్టిలో కలిశాయి. భీమిలిలో, బందరులో డచ్చివాళ్లు రెండు వందల ఏళ్లు ఉన్నారనడానికి గట్టిగా నిలబడి ఉన్నవి వాళ్ల సమాధులే. భీమిలిలో కొన్ని కోసుగా పైకి లేచిన ఇటుక కట్టడాలు. దూరం నుంచి చూస్తే చిన్న చిన్న గోపురాల్లా కనిపిస్తాయి.

నాకు డచ్చి భాష రాదు. ఆ రాళ్లు ఎలా చదవాలి?

పది మాటలు వస్తే చాలు. సమాధి రాళ్ల మీద ఎప్పుడూ ఒకే రకం వాక్యాలు ఉంటాయి. మొదటి వరుస దాదాపు అన్నింటి మీదా “హీర్ లైత్ బెగ్రావెన్”, అంటే ఇక్కడ సమాధి అయి ఉన్నది. “గెబోరెన్” అంటే పుట్టింది, “ఓవర్‌లేడెన్” అంటే పోయింది. “హయిస్‌వ్రౌ” భార్య. “కోప్‌మన్” వర్తకుడు, “ఓపర్‌హోఫ్ట్” ఆ స్థావరానికి పెద్ద. పుట్టింది అన్న మాట పక్కన ఉండే ఊరి పేరు తప్పకుండా రాసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ అని ఉంటే హాలండు నుంచి వచ్చిన మనిషి. మన ఒడ్డు పేరే ఉంటే ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన మనిషి. అలాంటివాళ్లకు హాలండు వినికిడి ఊరు మాత్రమే.

కొన్ని ఇంగ్లీషు రాళ్ల మీద లాటిన్ మాటలు ఉంటాయి. “హిక్ యాకెట్” అంటే ఇక్కడ పడుకుని ఉన్నారు. “ఒబిట్” అంటే మరణించారు. “ఏటాటిస్” పక్కన ఉన్న అంకె వయసు. తేదీ, వయసు రెండూ అంకెల్లో ఉంటే భాష రాకపోయినా సగం పని అయిపోయినట్టే.

పేరు పైన కవచం, శిరస్త్రాణం, జంతువులతో ఒక ముద్ర చెక్కి ఉంటే అది ఆ కుటుంబం చిహ్నం. మన రాజుల వరాహ లాంఛనం లాంటిదే. అంత పని చేయించారంటే కుటుంబానికి డబ్బుంది, ఆ నగిషీ చెక్కగల శిల్పి అందుబాటులో ఉన్నాడు అని అర్థం. రాయి మీద చనిపోయినవాళ్ల పేరు ఉంటుంది కానీ చెక్కినవాళ్ల పేరు ఉండదు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

అక్షరాలు అరిగిపోయాయి. ఏమైనా ఉపాయం ఉందా?

మిట్టమధ్యాహ్నం ఏ రాయీ పలకదు. వెలుగు నెత్తి మీద నుంచి పడితే చెక్కిన గాడిలో నీడ ఉండదు. ఉదయం ఏడున్నరకో సాయంత్రం నాలుగున్నర దాటాకో వెళ్లాలి. పక్క నుంచి వెలుగు తగిలితే అక్షరం లేచి నిలబడుతుంది. నీడలో ఉన్న రాయి అయితే ఒక అద్దం తీసుకెళ్లి, ఎండను రాయి అంచు వెంట పడేలా తిప్పాలి.

ఒకసారి బందరులో ఒక నల్లరాతి పలక ముందు గంటసేపు కూర్చున్నాను. నున్నగా అరిగిన బండలా ఉంది, ఏమీ లేదనుకున్నాను. సీసాలో నీళ్లు కొంచెం చల్లి, చేత్తో ఆకులు తీసేసి, పక్కవాణ్ని అద్దం పట్టుకోమన్నాను. ముందు ఒక గీత కనపడింది. అద్దం జానెడు కిందికి దించాడు. గీత పక్కన ఇంకో గీత, తర్వాత ఒక సున్నా లాంటి అక్షరం, దాని వెనకే వరుస మొత్తం చీమల బారులా బయటికి వచ్చింది. ఊపిరి బిగబట్టి ఫోన్‌లో ఫోటో తీశాను. మబ్బు పట్టగానే అదంతా మళ్లీ మాయమైంది. ఆ ఫోటో లేకపోతే నా మాట నేనే నమ్మేవాణ్ని కాదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. సుద్దముక్క, ముగ్గుపిండి, సున్నం, బొగ్గు పూయొద్దు. ఇనుప బ్రష్షు, యాసిడ్ అసలు వద్దు. మొదట్లో నేను కూడా ఒక రాయి మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దాను. నేను దిద్దిన ఒక అంకె తప్పు. తర్వాత వచ్చినవాళ్లంతా ఆ తప్పు ఏడాదినే రాసుకుని వెళ్లారని తెలిసి చాలా సిగ్గుపడ్డాను. నీళ్లు, అద్దం, ఫోన్ టార్చి, ఇవి చాలు.

పుర్రె, ఎముకలు చెక్కి ఉంటే క్షుద్రపూజల గుర్తా?

కాదు. ఆ కాలం యూరప్‌లో అది మామూలు సమాధి గుర్తు. నువ్వూ ఇలాగే అవుతావు, గుర్తుంచుకో అని చూసేవాడికి చెప్పడం. ఇసుక గడియారం ఉంటే కాలం అయిపోయిందని.

ముస్లిం సమాధుల్లో చాలావాటి మీద పేర్లు ఉండవు కదా, ఏం తెలుస్తుంది?

పేరు లేకపోయినా ఆకారం చెబుతుంది. సమాధి మీద కలందాన్, అంటే కలాలు పెట్టుకునే పెట్టెలాంటి గట్టు ఉంటే మగవారిది. పైన పలకలా చదునుగా ఉంటే ఆడవారిది. పాత ఖబరస్తాన్‌లో ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, ఒక కుటుంబం ఎలా పడుకుని ఉందో అర్థమవుతుంది.

రాత ఉన్నచోట ఏడాది హిజ్రీలో ఉంటుంది. హిజ్రీ ఏడాది మన ఏడాది కంటే పదకొండు రోజులు చిన్నది. అందుకని అంకెలో నూటికి మూడు తీసేసి 622 కలిపితే ఏడాది అటూ ఇటూగా మన లెక్కకు వస్తుంది. హిజ్రీ 1020 అంటే 1611-12. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా పోయిన ఏడాది అదే. కొన్నిచోట్ల అంకె కూడా ఉండదు, ఒక పద్యపాదంలోని అక్షరాల విలువలు కూడితే ఏడాది వస్తుంది. మన శాసనాల్లో నేత్ర అంటే రెండు, బాణ అంటే అయిదు అని శకవర్షం చెప్పడం లాంటిదే.

కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్తే గుమ్మటాల కింద ఫోటోలు దిగి వచ్చేయకండి. ముందు హమాం చూడండి. సుల్తానుల పార్థివ దేహాలకు చివరి స్నానం చేయించిన చోటు అది. తర్వాత నల్లరాతి సమాధుల మీది అక్షరాల దగ్గర కాసేపు ఆగండి. జంషీద్ అనే సుల్తాను సమాధి మీద మాత్రం రాత లేదు. ఇక చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా సమాధి అక్కడ వెతక్కండి. మన రామదాసు కథలో వచ్చే తానీషాయే. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక ఆయన్ని దౌలతాబాద్ కోటలో బంధించారు. అక్కడే పోయారు, దగ్గరలోని ఖుల్దాబాద్‌లో సమాధి చేశారు. ముందటి సుల్తానుల పక్కన ఆయనకు చోటు లేకపోవడంలోనే ఆ రాజ్యం ఎలా ముగిసిందో ఉంది. అదే ఆవరణలో ప్రేమామతి, తారామతి అనే ఇద్దరు ఆస్థాన నర్తకీమణుల సమాధులు కూడా ఉన్నాయి.

సమాధుల గురించి జనం చెప్పే కథలు నమ్మాలా?

ముందు రాసుకోండి. నమ్మడం, నమ్మకపోవడం తర్వాత సంగతి.

మూసారాంబాగ్ తీసుకోండి. నిజాం సైన్యంలో ఫ్రెంచి దళాలు నడిపిన రేమండ్ 1798 మార్చి 25న పోయాడు. గన్‌ఫౌండ్రీ అనే పేరు ఆయన పెట్టిన ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చిందే. గుట్ట మీద నల్లరాతి స్తంభం నిలబెట్టి, దాని మీద ఆయన పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కారు. ఆయన పోయిన కొన్ని నెలలకే నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో ఆ ఫ్రెంచి దళాల ఆయుధాలన్నీ ఊడబెరికారు. రాజకీయంగా రేమండ్ కథ అక్కడితో అయిపోవాలి.

జనం ఆయన్ని వదల్లేదు. హిందువులకు మూసా రామ్ అయ్యాడు, ముస్లింలకు మూసా రహీమ్ అయ్యాడు. వర్ధంతి రోజు సమాధి దగ్గర ఉర్సు చేసి ఊదువత్తులు వెలిగించేవాళ్లు. రాయి మీద ఉన్నది ఒక ఫ్రెంచి సేనాని. జనం నోట్లో ఉన్నది ఒక పీరు, ఒక దేవుడు. జీతాలు సరిగ్గా ఇచ్చిన సేనాని అంటే ఆనాటి సిపాయి కుటుంబాలకు ఎంత అభిమానమో నాకు ఆ రెండు పేర్లలోనే అర్థమైంది. ఎడమ పేజీ ఒక్కటే చూసి ఉంటే అది తెలిసేది కాదు.

బందరులో సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ కథ ఇంకో రకం. ఆమె 1809లో పోయింది. జాన్ పేటర్ అనే ఇంగ్లీషు సేనాధికారి ఆమెను ప్రేమించాడని, ఆమె పోయాక పాదిరీ సమాధికి చోటు ఇవ్వకపోతే స్థలం కొని ఆమె కోసమే చర్చి కట్టించాడని, శవాన్ని అద్దాల పెట్టెలో భద్రం చేయించాడని చెప్పుకుంటారు. అద్దాల పెట్టె సంగతి నేను కుడి పేజీలోనే ఉంచాను. కానీ రెండు వందల ఏళ్లుగా బందరువాళ్లు ఒక ఇంగ్లీషమ్మాయి ప్రేమకథను తమ ఊరి కథగా పిల్లలకు చెబుతున్నారు. ఆ మాట మాత్రం కచ్చితంగా చరిత్రే.

ఇన్ని సమాధుల్లో పసిపిల్లలు, పాతికేళ్ల కుర్రవాళ్లు ఎందుకు ఉన్నారు?

కలరా, విషజ్వరం, విరేచనాలు, కాన్పులు. దోమ వల్ల మలేరియా వస్తుందని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897లో. అంతకు ముందు పోయిన ఎవరికీ తమను చంపిందేమిటో తెలియదు. చెడుగాలి అనుకున్నారు.

ఒక చిన్న పని చేసి చూడండి. కంటోన్మెంటు శ్మశానంలో ఒక్క వరుస పట్టుకుని నెలలు మాత్రం రాసుకోండి. కొన్ని ఏళ్లలో వారం పది రోజుల తేడాతో వరుసగా నాలుగైదు మరణాలు కనిపిస్తాయి. ఒకే ఇంటి పేరుతో తల్లి, మూడు రోజుల బిడ్డ ఉంటారు. ఏ ఏడాది ఊరి మీదికి జబ్బు వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దొరలకే అలా ఉంటే, రాయి పెట్టించుకోలేని పల్లెలో అదే నెలలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి.

రాయి లేనివాళ్ల సంగతేమిటి?

నన్ను ఎక్కువ వేధించే ప్రశ్న ఇదే. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. ముప్పై వేల మంది దాకా పోయారని అంచనా. ఆ ముప్పై వేల మందిలో పేరుతో సమాధి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేపలు పట్టినవాళ్లు, నేతగాళ్లు, ఉప్పు పండించినవాళ్లు ఏ రాతిలోనూ లేరు. బందరు శ్మశానంలో నిలబడి ఉన్న రాళ్లు లెక్కపెట్టేటప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకోవాలి.

విశాఖలో ఇంకో సంగతి. అక్కడ ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానంలో 1705లో పోయిన సైమన్ హోల్‌కూంబ్ అనే అధికారి సమాధి దగ్గర నుంచి ఎన్నో ఉన్నాయి. 1780 అక్టోబరు 3న విశాఖలో సిపాయిలు తిరగబడ్డారు. హైదరలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే మేం ఎక్కం అన్నారు. సముద్ర ప్రయాణం వాళ్లకు ఆచారం కాదు, పైగా వెళ్తే తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. సుబేదారు షేక్ అహ్మద్ ముందు నిలబడ్డాడు. ఆ కాల్పుల్లో కొందరు ఇంగ్లీషువాళ్లు చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా కట్టిన స్తంభం ఆ శ్మశానంలో ఉంది. ప్రసిద్ధమైన 1857 కంటే డెబ్భై ఏడేళ్ల ముందు మన విశాఖలో జరిగిన తిరుగుబాటు ఇది. షేక్ అహ్మద్‌కు అక్కడ రాయి లేదు. ఆ స్తంభం ముందు నిలబడినప్పుడు నేను ఆయన పేరు గట్టిగా చదువుతాను, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత కూడా చదివిస్తాను.

గుత్తిలో మన్రో సమాధి ఉందంటారు, మద్రాసులో కూడా ఉందంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. రైతు పేరు మీదే పట్టా రాసి, రైతు దగ్గరే శిస్తు కట్టించుకునే పద్ధతి ఆయన గట్టిపరచినదే. తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. దేశం వదిలి వెళ్లే ముందు తన పాత జిల్లాలు ఒకసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి అక్కడ పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు.

రాయలసీమలో చాలా కాలం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఒక తెల్లదొర పేరుకు అప్ప చేర్చి తమ ఇంటి పిల్లవాడికి పెట్టుకోవడం ఏ శిలాఫలకం కంటే తక్కువ కాదు. గుత్తికి వెళ్తే కోట ఎక్కి రావడంతో ఆపకండి, కొండ కింద శ్మశానం కూడా చూడండి.

రాకాసి గుళ్లు నిజంగా సమాధులేనా?

సమాధులే. వాటి ముందు డచ్చివాళ్లవి నిన్నటివి. ఇనుము వాడడం మొదలైన కాలంలో, అంటే రెండు వేల ఏళ్ల నుంచి మూడు వేల ఏళ్ల కిందట, పెద్ద పెద్ద బండలు నాలుగు పక్కలా నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి, లోపల అస్థికలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవాళ్లు. అంత బండ మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసులు కట్టారన్నారు. చిత్తూరు వైపు పాండవుల గుళ్లు అంటారు. ములుగు జిల్లా దామెరవాయి, భద్రాచలం దారిలో జానంపేట చూడదగ్గవి.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున నిలువెత్తు రాళ్లు బారులు తీరి ఉంటాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఊళ్లోవాళ్లకు ఆ జాబితాతో పని లేదు. వాళ్లు ఎప్పటి నుంచో నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతున్నారు. ఆ మొక్కే ఇన్నేళ్లు ఆ రాళ్లను కంకర మిషన్ల నోట పడకుండా కాపాడిందని నా నమ్మకం.

సమాధుల కింద నిధులు ఉంటాయంటారు?

రాకాసి గుళ్ల కింద దొరికేవి కుండపెంకులు, పూసలు, తుప్పు పట్టిన ఇనుము. యూరోపియన్ సమాధుల్లో ఎముకలు. నిధి కోసం తవ్వి పగలగొట్టిన సమాధులు ఎన్ని చూశానో చెప్పలేను, కడుపు తరుక్కుపోతుంది. ఎప్పుడైనా భూమిలో ఏదైనా బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. తవ్వుతున్నవాళ్లు కనిపిస్తే ఎదురు వెళ్లకుండా ఫోన్ చేసి చెప్పండి.

లోపలికి వెళ్లడానికి, ఫోటోలకు అనుమతి కావాలా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట నీలం బోర్డు ఉంటుంది. అలాంటి చోట్ల ఫోన్‌తో మామూలు ఫోటోలకు ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్, డ్రోన్ అంటే ముందు అనుమతి తీసుకోవాలి. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం. ఆ తర్వాత రెండు వందల మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. చర్చి శ్మశానం అయితే పాస్టరు గారిని, ఖబరస్తాన్ అయితే అక్కడి ముతవల్లీని, ఊరి శ్మశానం అయితే కాటికాపరిని అడగండి. కాటికాపరికి తెలిసినన్ని సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆయనతో నిలబడి కాకుండా కూర్చుని మాట్లాడండి, టీ తాగుతూ మాట్లాడండి.

ఇటీవలి సమాధుల ఫోటోలు తీయొద్దు. ఆ కుటుంబాల దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటుంది.

ఏ కాలంలో వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో గడ్డి నడుము దాకా పెరుగుతుంది, పాములు ఉంటాయి. బూట్లు, పొడుగు ప్యాంటు, ఒక కర్ర. సర్కారు తుమ్మ ముళ్లు చెప్పు అడుగులోంచి కూడా దిగుతాయి. నీళ్ల సీసాలు రెండు, ఒకటి మీకు, ఒకటి రాళ్లకు. అద్దం, టేపు, పెన్సిలు.

పిచ్చిమొక్కలు పీకి శుభ్రం చేయొచ్చా?

ఎండుటాకులు, చెత్త తీయొచ్చు. సమాధి ఇటుకల్లోకి వేరు దిగిన చెట్టును మాత్రం పీకకండి. ఆ వేరు గోడను పట్టుకుని ఉంటుంది, లాగితే గోడంతా ఊడి వస్తుంది. నేల మట్టానికి కోసి వదిలేయాలి. సిమెంటు పూత వేయొద్దు. పాత కట్టడం సున్నంతో కట్టినది, సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, కొన్నాళ్లకు ఇటుకే పొడి అయిపోతుంది. కుతుబ్‌షాహీ, పైగా సమాధులకు సున్నం పనివాళ్లతోనే మరమ్మతు చేయించారు. ఒకసారి వెళ్లి ఆ పని చూస్తే తేడా అర్థమవుతుంది.

ఒక ఊళ్లో సమాధి పలక ఒకటి చెరువు మెట్టు మీద బట్టలుతికే బండగా కనిపించింది. అక్షరాల వైపు కిందికి ఉంది కాబట్టి బతికింది. బట్టలుతుకుతున్నావిడ అదేమిటో విని ఆశ్చర్యపోయి, తనే నలుగురిని పిలిచి గట్టు మీదికి చేర్పించింది. మనం మర్యాదగా చెబితే జనం వింటారు.

విదేశాల్లో ఉన్నాం. మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషువాళ్ల ఖననాల రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఇక్కడ అరిగిపోయిన రాయి మీది పేరు అక్కడి కాగితం మీద దొరకొచ్చు. మద్రాసు ప్రభుత్వం 1905లో అచ్చు వేసిన సమాధి శాసనాల జాబితా కూడా పనికొస్తుంది. అప్పటికి చదవగలిగిన అక్షరాలు ఇప్పుడు చాలా చోట్ల లేవు.

ఇంకోటి. మనకు కావలసినవాళ్లు కొందరు అక్కడే పడుకుని ఉన్నారు. వేమన పద్యాలు అచ్చు వేయించి, నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో పోయాడు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ 1899లో పోయాడు, సమాధి డార్కింగ్‌లో. గోదావరి జిల్లాలవాళ్లు ఇంగ్లండు వెళ్తే ఆ ఊరు వెతుక్కుని వెళ్లి పూలు పెట్టి వస్తారు. మీ సెలవు రోజుల్లో ఒకటి వాళ్లకు కేటాయించండి.

మా ఊళ్లో దొరల సమాధులేం లేవు. నేనేం చూడాలి?

మీ ఊళ్లో మిషన్ చర్చి ఉంటే దాని వెనక తెలుగు రాతలున్న సమాధులు ఉంటాయి. “ప్రభువునందు నిద్రించిరి” అన్న వాక్యం కింద పేర్లు చదవండి. ముందు తరం పేరు ఊరి దేవత పేరు, తర్వాతి తరం పేరు బైబిలు పేరు, పక్కనే ఉపదేశి అనో పంతులు అనో నర్సు అనో ఉద్యోగం. మొదటిసారి బడికి వెళ్లిన ఒక కుటుంబం మూడు తరాల కథ ఆ నాలుగు రాళ్లలో ఉంటుంది. గోడకు ఏ పక్క ఎవరిని పూడ్చారో కూడా చూడండి. బతికుండగా ఉన్న కులం గోడలు చాలా ఊళ్ల శ్మశానాల్లో ఇటుకల్లోనే కనిపిస్తాయి.

ఊరి బయట కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి ఉంటే అది వీరగల్లు. పశువుల మంద కోసమో ఊరి కోసమో పోరాడి పోయినవాడి జ్ఞాపకం. కొన్నిచోట్ల దానికి పసుపు పూసి పోతురాజు అని మొక్కుతుంటారు.

ఇవీ లేకపోతే పొలాలకు వెళ్లండి. తెలంగాణలో, రాయలసీమలో బావి పక్కనో గట్టు చివరనో పెద్దల సమాధులు ఉంటాయి. కొన్నింటి మీద తెలుగు సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి. తద్దినానికి కావలసింది తిథి కాబట్టి ఇంగ్లీషు తేదీ రాయరు. రౌద్రి అని ఉంటే అది 1920 కావచ్చు, 1980 కావచ్చు, అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తేల్చుకోవాలి. పొలం చేతులు మారినా కొన్నవాళ్లు ఆ సమాధి చుట్టూ నాలుగడుగులు దున్నకుండా వదిలేస్తారు. ఆ నాలుగడుగుల గడ్డి చూసి, ఈ పొలం ముందు ఎవరిది తాతా, ఎందుకు అమ్ముకున్నారు అని అడగండి. సంక్రాంతికి అయితే ఇంకా మంచిది, పెద్దలకు పెట్టుకునే రోజు కదా, అడగ్గానే చెబుతారు. నోటు పుస్తకం మర్చిపోవద్దు.